కరెంటు మోటారు, పక్కనే ఆయిలింజను

2024 మార్చిలో మా పాత వ్యాన్‌కి లక్షా అరవై వేల మైళ్లు నిండాయి. గేరుబాక్సు మార్చడానికయ్యే ఖర్చు బండి ఖరీదుని దాటిపోతుందని మెకానిక్ చెప్పాక కొత్తది కొనక తప్పలేదు. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన నోవై అనే ఊళ్లో. మామూలుగా ఇంట్లో నలుగురం. అత్తయ్యగారూ మామయ్యగారూ సత్తెనపల్లి దగ్గర మా ఊరి నుంచి వచ్చి ఉండే ఆరు నెలలూ ఆరుగురం. ఏది కొన్నా ఈసారి ప్లగ్ పెట్టుకునే హైబ్రిడ్డే కొనాలని నా మనసులో ఉంది. ఏ ప్లగ్-ఇన్ అన్న దగ్గరే తెగలేదు.

ఆ ఆదివారం డైనింగ్ టేబుల్ నిండా కాగితాలు పరుచుకుని కూర్చున్నాను. టయోటా రావ్‌ఫోర్ ప్రైమ్ ఒకటి. ఇప్పుడు దాని పేరు మార్చారు గానీ మా వాళ్లంతా ఇంకా ప్రైమ్ అనే అంటారు. క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ ఒకటి. మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ ప్లగ్-ఇన్ ఇంకొకటి. మామయ్యగారు కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఏంటమ్మా ఇవి, పెట్రోలువా, కరెంటువా?"

"రెండూ ఉన్నవి మామయ్యగారూ. రాత్రి కరెంటు పెడితే పొద్దున్న ముప్పై నలభై మైళ్లు దాంతో నడుస్తుంది. అది అయిపోతే ఇంజను అందుకుంటుంది."

ఆయన కాసేపు ఆలోచించి, "మన బోరు దగ్గర ఉన్నదేగా! కరెంటు మోటారు, పక్కనే ఆయిలింజను," అన్నారు.

నిజమే. మిరపకి తడి పెట్టే రోజుల్లో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని కాలంలో ఆయన రెండూ పెట్టుకున్నారు. కరెంటు ఉన్నంతసేపూ మోటారు, పోతే ఇంజను. మూడు కాగితాలూ తిరగేసి, ఏ కారుకి బ్యాటరీ పెద్దది, ఏది ఎక్కువ దూరం పోతుంది అని నేను చదువుతుంటే ఆయన ఇంకో మాటన్నారు. "మోటారు ఎన్ని హార్స్‌పవరో తర్వాత చూడొచ్చమ్మా. చేను ఎంత, రోజుకి కరెంటు ఎన్ని గంటలు, ముందు అది చూడు."

కార్ల వెబ్‌సైట్లలో నేను చదివిన పోలికలన్నీ దీనికి తలకిందులుగా ఉన్నాయి. కారు పక్కన కారుని నిలబెట్టి, దీనికి 42 మైళ్లు, దానికి 32 మైళ్లు, ఇది గెలిచింది అంటారు. నా చేను ఎంతో వాళ్లకి తెలియదు కదా. ఆ మాట పట్టుకుని నేను ఎనిమిది వారాలు నోటుబుక్కులో రాసుకున్న లెక్కల నుంచి తేలింది ఇక్కడ చెబుతాను. ప్లగ్-ఇన్ కొందామనుకుంటున్న వాళ్లు తమ అంకెలు వేసుకుని చూసుకోండి. జవాబు నాది రానక్కర్లేదు.

ముందు మా అనుభవం ఒకటి చెప్పాలి. ప్లగ్-ఇన్‌తో కాపురం మాకు కొత్త కాదు. 2017 నుంచీ మా ఆయన షెవర్లే వోల్ట్ నడుపుతున్నారు. ఈ చుట్టుపక్కల వాళ్లకి వోల్ట్ అంటే ప్రత్యేకమైన అభిమానం. 2007 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో దాన్ని మొదట చూపించారు, 2010 డిసెంబరులో అమ్మకానికి పెట్టారు, తయారైంది డెట్రాయిట్-హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీలో, అంటే మా ఇంటికి దగ్గర్లోనే. మొదటి వోల్ట్ కరెంటు మీద 35 మైళ్లు పోయేది. 2016 మోడల్ నుంచి 18.4 యూనిట్ల బ్యాటరీతో 53 మైళ్లు. 2019 ఫిబ్రవరిలో తయారీ ఆపేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా బాధేసింది. అంత తెలివిగా కట్టిన బండిని జనానికి సరిగ్గా అర్థమయ్యేలా చెప్పకుండానే చాలించారని ఇప్పటికీ అనుకుంటాను. (ఇక్కడ పెట్రోలుని గ్యాస్ అంటాం. ఇండియాలో చదివేవాళ్ల కోసం పెట్రోలనే రాస్తున్నాను. కిలోవాట్ అవర్‌ని మనందరం అనే యూనిట్ అనే అంటాను.)

మా ఆయన ఆఫీసు ఆన్ ఆర్బర్‌లో. వెళ్లి రావడానికి 50 మైళ్లు, దాదాపు అంతా హైవే. కాగితం మీద 53 మైళ్లున్న కారుకి 50 మైళ్ల ప్రయాణం అంటే కొలత తీసి కుట్టించినట్టు ఉంటుందనుకున్నాం. మే నెల నుంచి సెప్టెంబరు దాకా అలాగే ఉంటుంది కూడా. అక్టోబరు చివరికి వచ్చేసరికి ఇంటికి నాలుగైదు మైళ్ల ముందే ఇంజను లేస్తుంది. జనవరిలో ముప్పై అయిదు మైళ్లకే బ్యాటరీ ఖాళీ. పైగా గడ్డకట్టే చలిలో బ్యాటరీ నిండా ఉన్నా లోపల వెచ్చదనం కోసం వోల్ట్ తన ఇంజనుని మధ్యమధ్యలో నడుపుకుంటుంది. అది చెడిపోవడం కాదు, అలాగే తయారు చేశారు. హీటరు బ్యాటరీలోంచి తాగే కరెంటు అంతా ఇంతా కాదు. డెబ్బై మైళ్ల వేగంతో గాలిని చీల్చుకుంటూ పోవడానికి పట్టే శక్తి కూడా తక్కువేం కాదు. కంపెనీ చెప్పే మైళ్లు గట్టి కొలత కాదు: బ్యాటరీ అంతే ఉంటుంది, దాంతో ఎంత దూరం పోతామన్నది ఋతువుని బట్టి, రోడ్డుని బట్టి మారుతుంది.

ఏడేళ్ల వోల్ట్ నాకు నేర్పిన దాంట్లో ఇదే పెద్దది. హైవే మీద నిలకడగా పోయేటప్పుడు మంచి హైబ్రిడ్ ఇంజను ఎలాగూ పొదుపుగానే నడుస్తుంది. అక్కడ బ్యాటరీ చేసే మేలు తక్కువ. అదే స్కూలు, కూరగాయల కొట్టు, సంగీతం క్లాసు, గుడి, మళ్లీ ఇల్లు, ఇలా మూడేసి మైళ్ల ముక్కలుగా తిరిగే బండిలో ఇంజను ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు. చల్లని ఇంజను ఎక్కువ పెట్రోలు తాగుతుంది, పొగగొట్టంలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు వేడెక్కేదాకా అత్యంత మురికి పొగ వదులుతుంది. ప్లగ్-ఇన్ నిజంగా పనికొచ్చేది ఆ ముక్కల ప్రయాణాలకి. రోజూ దూరం ఆఫీసుకి పోయేవాళ్లు ప్లగ్-ఇన్ కొనుక్కోవాలి, ఇంటి చుట్టూ తిరిగే బండి ఏదైతేనేం అని అందరూ అంటారు. నేను దానికి సరిగ్గా ఎదురు చెబుతున్నాను.

ఇక నా నోటుబుక్కు. 56 రోజులు రాశాను. 44 రోజులు 32 మైళ్ల లోపే తిరిగాను, ఎక్కువ రోజులు 25 నుంచి 28 మధ్య. మిగతావి శని ఆదివారాల తిరుగుళ్లు, ఒక షికాగో ప్రయాణం. షికాగో పక్కన అరోరాలో ఉన్న బాలాజీ గుడికి వెళ్లొస్తే అటూ ఇటూ కలిపి ఆరు వందల మైళ్లకి అటూ ఇటుగా అవుతుంది. ఏడాది మొత్తానికి చూస్తే ఊళ్లో 9,000 మైళ్లు, ఊళ్లకి 4,000 మైళ్లు, వెరసి 13,000.

ఇప్పుడు ఆ మూడు కార్లనీ ఈ చేను పక్కన పెట్టి చూశాను. అంకెలన్నీ 2024 మోడళ్లవి.

రావ్‌ఫోర్ ప్రైమ్ అందరూ మెచ్చేది. 18.1 యూనిట్ల బ్యాటరీ, 42 మైళ్లు, ఆ తర్వాత గ్యాలనుకి 38 మైళ్లు, అంటే మన లెక్కలో లీటరుకి 16 కిలోమీటర్లు. 302 హార్స్‌పవరు. నడిపి చూస్తే దిగబుద్ధి కాదు. కానీ నా రోజు 28 మైళ్లకి ముగుస్తుంది. మిగిలిన 14 మైళ్ల బ్యాటరీని ప్రతి రోజూ ఊరికే మోసుకు తిరగాలి. అన్నిటికంటే ముందు, అందులో అయిదు సీట్లే. అత్తయ్యగారూ మామయ్యగారూ ఉన్న ఆరు నెలలూ గుడికి రెండు కార్లలో వెళ్లాల్సిందే. రెండో కారు కూడా తీశాక ఇక పొదుపేముంది? పైగా ఒక డీలరు కంపెనీ వేసిన స్టిక్కరు ధర మీద ఎనిమిది వేల డాలర్లు ఎక్కువ అడిగాడు. ఆ మాటతో లేచి వచ్చేశాం.

అవుట్‌ల్యాండర్‌కి 20 యూనిట్ల బ్యాటరీ, 38 మైళ్లు, మూడు వరసలు ఉన్నాయని పేరు. మూడో వరసలో మా పదేళ్లవాడు కూర్చుంటేనే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఇంజను మీద గ్యాలనుకి 26 మైళ్లే. దాన్ని అక్కడితో వదిలేశాను.

పసిఫికాకి 16 యూనిట్లు, 32 మైళ్లు, ఆ తర్వాత గ్యాలనుకి 30. ఏడుగురు కూర్చోవచ్చు. దీనికీ లోపాలున్నాయి, దాచను. మామూలు పసిఫికాలో రెండో వరస సీట్లు నేలలోకి మడిచి పెట్టుకోవచ్చు. హైబ్రిడ్‌లో ఆ గుంటల్లోనే బ్యాటరీ పెట్టారు కాబట్టి సామాను కోసం చోటు కావాలంటే సీట్లు ఊడదీసి గ్యారేజీలో పెట్టుకోవాలి. నాలుగు చక్రాలకీ పవరు ఉండదు, ముందు చక్రాలకే. ఇప్పుడు కరెంటు మీదే నడువు అని చెప్పే బటనూ లేదు. ఎప్పుడు ఇంజను వేయాలో బండే నిర్ణయించుకుంటుంది. చలికాలం హీటరు వేస్తే ఇంజను లేస్తుంది. 2022లో ఈ బండివే 2017, 2018 మోడళ్లలో మంటలు వచ్చాయని కంపెనీ బాగుచేయడానికి వెనక్కి పిలిచి (రీకాల్ చేసి), ఇంటికి దూరంగా నిలపమనీ ఛార్జింగ్ పెట్టవద్దనీ చెప్పారు. పాతది కొనేవాళ్లు ఆ రీకాల్ పని పూర్తయిందో లేదో తప్పకుండా అడగాలి.

30 అన్న అంకె చూసి మొహం తిప్పుకునేవాళ్లకి ఒక మాట. మనకి మైలేజీ అంటే ఎక్కువ అంకె గొప్ప అన్న అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. గ్యాలనుకి 20 మైళ్లిచ్చే బండి తీసేసి 30 ఇచ్చేది తెస్తే ప్రతి వంద మైళ్లకీ 1.67 గ్యాలన్లు మిగులుతాయి. 40 ఇచ్చేది తీసేసి 57 ఇచ్చేది తెస్తే మిగిలేది ముప్పావు గ్యాలనే. ఇంట్లో ఎక్కువ తాగే బండి ఏదో దాన్ని ముందు మార్చాలి. మా ఇంట్లో అది వ్యానే.

ఇంతవరకూ లెక్క సాఫీగానే వచ్చింది. పసిఫికాయే అని రాసి గీత గీసేయబోతుంటే మా ఆయన అడిగారు, "మరి సియెన్నా సంగతేంటి?" అని. టయోటా సియెన్నాకి ప్లగ్ లేదు. 2021 మోడల్ నుంచి మామూలు హైబ్రిడ్‌గానే వస్తోంది, అంటే దాని చిన్న బ్యాటరీని ఇంజనూ బ్రేకులే నింపుతాయి. గ్యాలనుకి 36. నేను దాన్ని చూడను కూడా చూడలేదు, ప్లగ్ లేదు గనక.

ఆ రాత్రి కూర్చుని వేసిన లెక్క నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. మా కరెంటు బిల్లులో అప్పుడు అన్నీ కలుపుకుని యూనిట్ 18 సెంట్లు పడేది. పెట్రోలు గ్యాలను 3.30 డాలర్లు వేశాను. పాత వ్యాను గ్యాలనుకి 20 చొప్పున ఏడాదికి 650 గ్యాలన్లు తాగేది, 2,145 డాలర్లు. సియెన్నా అయితే 361 గ్యాలన్లు, 1,191 డాలర్లు. పసిఫికాకి చలికాలం కోసం ఊరి మైళ్లలోంచి 1,500 ఇంజను కింద వేశాను. మిగిలిన 7,500 మైళ్లు కరెంటు మీద. ఈ బండి వంద మైళ్లకి 41 యూనిట్లు తీసుకుంటుంది, కాబట్టి 3,075 యూనిట్లు, 554 డాలర్లు. ఇంజను మీద 5,500 మైళ్లకి 183 గ్యాలన్లు, 605 డాలర్లు. మొత్తం 1,159.

1,191కీ 1,159కీ తేడా ఏడాదికి 32 డాలర్లు. ఆరుగురం ఒకసారి హోటల్‌కి వెళ్లి దోసెలు తింటే చాలదు ఆ డబ్బు. ప్రతి రాత్రీ గుర్తు పెట్టుకుని ప్లగ్ పెట్టి, పొద్దున్నే తీసి, మంచులో కేబులు దులిపి, ఏడాదంతా చేసిన చాకిరీకి 32 డాలర్లు!

ప్లగ్-ఇన్‌లని ఒకదానితో ఒకటి పోల్చి చూసేవాళ్లు ఈ లెక్క వేయరు. ప్లగ్-ఇన్‌కి అసలు పోటీ ఇంకో ప్లగ్-ఇన్ కాదు, ప్లగ్ లేని దాని తోబుట్టువు. ప్రియస్ ప్రైమ్‌కి పోటీ ప్రియస్. రావ్‌ఫోర్ ప్రైమ్‌కి పోటీ రావ్‌ఫోర్ హైబ్రిడ్. మామూలు హైబ్రిడ్‌లు ఈ ఇరవై ఏళ్లలో ఎంత బాగుపడ్డాయంటే, డబ్బు ఒక్కటే కావాలనుకుంటే ప్లగ్ అనవసరం అనే చోటికి వచ్చాం. ఇది నాకు ఇష్టమైన సంగతి కాదు. అయినా లెక్క లెక్కే.

అది ఇంకా గట్టిగా తేలింది మా తమ్ముడి దగ్గర. వాడు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాడు. అప్పుడే వాడు కూడా ప్రియస్ ప్రైమ్ కొందామనుకుంటున్నాడు. 13.6 యూనిట్ల బ్యాటరీ, 44 మైళ్లు, ఆ తరగతిలో దాన్ని మించింది లేదు. "అక్కా, కరెంటు చవక కదా, కళ్లు మూసుకుని కొనేయనా?" అన్నాడు. బిల్లు తీసి చూడమన్నాను. వాడికి యూనిట్ 40 సెంట్లు. ప్రైమ్ వంద మైళ్లకి 26.5 యూనిట్లు తీసుకుంటుంది, అంటే 10.60 డాలర్లు. వాడి ఊళ్లో పెట్రోలు అప్పుడు 4.80. మామూలు ప్రియస్ గ్యాలనుకి 57 ఇస్తుంది, వంద మైళ్లకి 8.42 డాలర్లు. పెట్రోలు కంటే కరెంటు రెండు డాలర్లు ఎక్కువ! కరెంటు యూనిట్ 32 సెంట్ల లోపు ఉంటేనే వాడికి ప్లగ్ గిట్టుబాటు. కప్పు మీద సోలారుంటే కథ మారుతుంది, ఆఫీసులో ఉచితంగా ఛార్జింగ్ ఇచ్చినా మారుతుంది. వాడిది అద్దె ఇల్లు. మామూలు ప్రియస్ కొనుక్కున్నాడు, నేను మంచి పని చేశావన్నాను. స్టిక్కరు మీద రాసే ఎంపీజీఈ (గ్యాలనుకి సమానమైన కరెంటుతో ఎన్ని మైళ్లు) అన్న పెద్ద అంకె ఇవేమీ చెప్పదు. 33.7 యూనిట్లని ఒక గ్యాలనుకి సమానంగా పట్టి వేసే శక్తి లెక్క అది, మన జేబు లెక్క కాదు.

మీ ఊళ్లో లెక్క తేలిగ్గానే వేసుకోవచ్చు. ప్లగ్ లేని తోబుట్టువుకి వంద మైళ్లకి ఎంత పెట్రోలు డబ్బవుతుందో చూడండి. దాన్ని ప్లగ్-ఇన్‌కి వంద మైళ్లకి పట్టే యూనిట్లతో భాగించండి. వచ్చిన దానికంటే మీ కరెంటు చవకైతేనే ముందుకి కదలండి. రాత్రిళ్లు తక్కువ రేటు ఉందేమో కూడా చూడండి. మా రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ దగ్గర ప్లగ్-ఇన్‌లకి అదనపు రుసుము కూడా ఉంది, అదీ కలపండి.

డబ్బుకి మించిన ఇంకో సంగతి: ప్లగ్ పెట్టకపోవడం. మాకు తెలిసిన ఒకాయన లీజు మీద ప్లగ్-ఇన్ తీసుకున్నారు, పన్ను రాయితీ నెలసరి కిస్తీలో కలిసొస్తుందని. అపార్టుమెంటులో ఉంటారు, ప్లగ్ పెట్టే చోటే లేదు. ఏడాదిన్నర తర్వాత చూస్తే కేబులు ప్లాస్టిక్ కవరులోనే ఉంది. ఆయన్ని ఏమీ అనలేం. కానీ ఆ బరువైన బ్యాటరీని ఏడాదిన్నర ఊరేగించిన పెట్రోలు ఊరికే పోయింది. ఇది ఒక్కరి కథ కాదు. యూరప్‌లో 2021లో అమ్మిన కార్లలో వాటంతటవే నమోదైన పెట్రోలు వాడకం లెక్కలు తీసి 2024 మార్చిలో యూరోపియన్ కమిషన్ చెప్పింది: ప్లగ్-ఇన్‌ల అసలు కార్బన్ పొగ ల్యాబులో చూపించిన దానికి సగటున మూడున్నర రెట్లు ఉందని. అక్కడ కంపెనీలు ఉద్యోగులకి ఇచ్చే కార్లు ఎక్కువ. పెట్రోలు కంపెనీ కార్డు మీద, ఇంటి కరెంటు సొంత జేబులోంచి. ఎవరు ప్లగ్ పెడతారు? అమెరికాలో కూడా స్టిక్కరు మీద చెప్పినంత కరెంటు మైళ్లు నిజంగా తిరగడం లేదని ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ 2022లో తేల్చింది. మామయ్యగారికి ఇది చెబితే, "కరెంటుండగా ఆయిలింజను వేసేవాడికి రెండూ ఎందుకమ్మా," అన్నారు.

టయోటా వాళ్ల వాదన ఒకటుంది. ఒక పెద్ద ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి పట్టే ఖనిజాలతో ఆరు ప్లగ్-ఇన్‌లు, తొంభై మామూలు హైబ్రిడ్‌లు చేయొచ్చని. అందులో నిజం లేకపోలేదు. లిథియం అరుదుగా ఉన్నన్నాళ్లూ రోజూ ఖాళీ అయ్యే చిన్న బ్యాటరీ, వారానికోసారి ఖాళీ అయ్యే పెద్ద బ్యాటరీ కంటే మేలు. కానీ ఆ ఆరు ప్లగ్-ఇన్‌లూ రోజూ ప్లగ్‌లో పెడితేనే ఆ మాట నిలుస్తుంది. ఆ షరతు వాళ్లు గట్టిగా చెప్పరు.

ప్లగ్ ఎక్కడ పెట్టాలి అన్నది చాలామంది భయపడేంత పెద్ద పనేం కాదు, కానీ తేలిగ్గా తీసుకునేదీ కాదు. మామూలు 120 వోల్టుల ప్లగ్ గంటకి 1.4 యూనిట్లు ఇస్తుంది. రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకా పెడితే దాదాపు 17. చిన్న బ్యాటరీకి అది సరిపోతుంది. 2017లో మేమూ అలాగే మొదలుపెట్టాం. మన ఇళ్లలో గ్యారేజీలో రెండో ఫ్రిజ్ ఉండటం మామూలే కదా. అదీ కారూ ఒకే లైను మీద ఉన్నాయని నాకు తట్టలేదు. వోల్ట్ మొదట 8 ఆంపియర్లే తీసుకుంటుంది. తొందరగా నిండాలని 12కి పెంచాను. జూన్ నెల, శుక్రవారం రాత్రి. ఫ్రిజ్ మోటారు లేచినప్పుడు బ్రేకరు పడిపోయింది. ఊళ్లో లేని రెండు రోజులూ ఫ్రీజరు ఆగిపోయింది. అమ్మ పోయే ముందు ఏడాది ఇండియా నుంచి తన చేత్తో చేసి పంపిన గోంగూర పచ్చడి డబ్బాలు రెండు అందులో ఉన్నాయి. పచ్చడి పాడైపోలేదు గానీ, మూత తీసి చూసేదాకా నా చేతులు వణికాయి. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కారుకి వేరే 240 వోల్టుల లైను వేయించాను, ఎనిమిది వందల డాలర్లు అయింది. కారు కొనే ముందే గ్యారేజీలో ఏ ప్లగ్ ఏ బ్రేకరు మీదుందో చూసుకోండి.

విజయవాడ నుంచి మా పిన్ని కొడుకు అడిగాడు, ఇండియాలో ఇవెందుకు దొరకవని. దొరుకుతాయి, బాగా ఖరీదైన కార్లలో. సామాన్యుడికి అందేది ఇన్నోవా హైక్రాస్ లాంటి ప్లగ్ లేని హైబ్రిడ్డే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎలక్ట్రిక్ కార్లకి జీఎస్టీ 5 శాతం, పెద్ద హైబ్రిడ్‌లకి 40 శాతం. ఆ తేడాతో ఎవరూ చవక ప్లగ్-ఇన్ తెచ్చే సాహసం చేయరు. వాడిని ఎదురు చూడొద్దన్నాను.

మరి మేం ఏం చేశామంటే, పసిఫికాయే కొన్నాం. అప్పటికి 7,500 డాలర్ల ఫెడరల్ రాయితీ ఉంది, డీలరు దగ్గరే ధరలోంచి తీసేశారు. ఆ రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. ఇవాళ ఎవరైనా వ్యాను కోసం అడిగితే, డబ్బే ముఖ్యమైతే సియెన్నా తీసుకోమని చెబుతాను. నాకు డబ్బు ఒక్కటే ముఖ్యం కాదు. రాయితీ లేకపోయినా ఇదే కొనేదాన్నా అని ఆలోచిస్తే, కొనేదాన్నే అనిపిస్తుంది.

ఎందుకంటే రెండు వ్యాన్ల ఖర్చూ సమానం గానీ పెట్రోలు సమానం కాదు. 361కీ 183కీ తేడా 178 గ్యాలన్లు. ఒక గ్యాలను కాలిస్తే దాదాపు 8.9 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఏడాదికి టన్నున్నర పైన మా పొగగొట్టం నుంచి రాదు. అదంతా ఆదా అని నేననను. మిషిగన్‌లో ఇంకా బొగ్గు కాలుస్తున్నారు, మన్రోలో ఈరీ సరస్సు ఒడ్డున పెద్ద బొగ్గు కేంద్రమే ఉంది. నా పొగలో కొంత అక్కడికి మారుతుంది. అయితే 2040కల్లా కరెంటంతా శుభ్రమైన వనరుల నుంచే రావాలని 2023 నవంబరులో మా రాష్ట్రం చట్టం చేసింది. ఈ వ్యాను మా దగ్గర పదేళ్లుంటే, ఆ పదేళ్లలో కరెంటు కాస్త కాస్తగా శుభ్రపడుతుంది. ఏ ఇంజనూ వయసు మీద పడే కొద్దీ శుభ్రపడదు. ప్లగ్ ఉన్న బండికి ఆ దారి తెరిచి ఉంటుంది. సియెన్నాకి లేదు.

ఇంకో కారణం మా పాపది. దానికి ఆస్తమా, సంచిలో ఇన్‌హేలరు ఎప్పుడూ ఉంటుంది. మధ్యాహ్నం మూడున్నరకి స్కూలు ముందు నలభై యాభై కార్లు వరసలో నిలబడి అరగంట ఇంజన్లు వేసుకుని ఉంటాయి. పిల్లలు ఆ వరస పక్కనే నడుచుకుంటూ వస్తారు. చలికాలం పొగ నేల మీదే నిలిచిపోయి కంటికి కనిపిస్తుంది. ఎనిమిదేళ్లు ఆ వరసలో నేనూ నా పాత వ్యాను ఇంజను వేసుకునే నిలబడ్డాను. పిల్ల దగ్గుకుంటూ కారెక్కితే ఏసీ ఇంకా పెంచేదాన్ని. గాలి బాగోకపోవడానికి నేనూ కారణమని ఆ ఎనిమిదేళ్లూ నా బుర్రకి ఎక్కలేదు.

ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఇప్పుడు మా వ్యాను ఆ వరసలో చప్పుడు లేకుండా నిలబడుతుంది. జనవరి సంగతి వేరు. హీటరు వేస్తే ఇంజను లేస్తుందని ముందే చెప్పాను. పోయిన శీతాకాలం నుంచీ స్కూలు దగ్గరికి వచ్చేసరికి హీటరు ఆపేస్తున్నాను. సీటు వేడి ఒక్కటే వేసుకుంటాను. పాప కోసం వెనక సీటులో దుప్పటి పెడతాను, అత్తయ్యగారి పాత శాలువా ఒకటి ఉంటుంది, దాన్నే కప్పుకుంటుంది. బయటికొచ్చాక, పిల్లలు లేని చోట, మళ్లీ హీటరు వేస్తాను.

మామయ్యగారు ఇప్పుడు ఊళ్లో ఉన్నారు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు పిల్లల గురించి అడిగాక, మిరప ధర చెప్పాక, తప్పకుండా ఈ ప్రశ్న వస్తుంది.

"ఈ వారం ఇంజను ఎన్నిసార్లు లేచిందమ్మా?"

"ఆరుసార్లు మామయ్యగారూ. చలి బాగా పడింది."

"స్కూలు దగ్గరో?"

"లేవలేదు."